చిన్న బల్ల మీద మానిటర్ ఇమడట్లేదా? ముందు టేపు తీయండి

"అన్నా, కొత్త మానిటర్ కొన్నాను, కళ్లు లాగేస్తున్నాయి. పీస్‌లోనే ఏదో తేడా ఉన్నట్టుంది, ఒకసారి చూస్తావా?" అని ఫోన్ వస్తే నేను అడిగేది ఒకటే: నీ బల్ల లోతు ఎంత? "నాలుగడుగులు అన్నా." అది పొడవు నాయనా. లోతంటే గోడ నుంచి నీ పొట్ట దాకా. అది కొలిచి ఫోన్ చేసినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

లక్షణం: కళ్లు లాగుతాయి, మెడ పట్టేస్తుంది, కీబోర్డుకి చోటుండదు

మూడూ ఒకే జబ్బు. కొనేటప్పుడు అందరూ ఇంచులు (తెర మూల నుంచి ఎదురు మూలకి కొలత) చూస్తారు, మహా అయితే వెడల్పు చూస్తారు. 24 ఇంచుల మానిటర్ వెడల్పు సుమారు 54 సెంటీమీటర్లు, 27 ఇంచులది 61. నాలుగడుగుల బల్ల మీద రెండూ హాయిగా పడతాయి. అసలు దొంగ స్టాండు. అమ్మే పేజీలో పైన కనపడే "మందం 4 సెంటీమీటర్లు" స్టాండు లేకుండా తీసిన కొలత. కిందికి జరిపితే స్టాండుతో కలిపిన కొలత వేరే ఉంటుంది. అక్కడ 18 నుంచి 22 సెంటీమీటర్లు కనపడటం మామూలే.

ఇప్పుడు లెక్క వేయండి. మన ఇళ్లలో రాసుకునే బల్లలూ, గోడలో దించిన కడప బండలూ చాలావరకు అడుగున్నర లోతు, అంటే 45 సెంటీమీటర్లు. స్టాండు వెనక అంచుని గోడకి ఆనించినా, తెర గోడకి 12 నుంచి 15 సెంటీమీటర్లు ఇవతల నిలబడుతుంది. మిగిలింది అడుగు. అందులో సగం కీబోర్డుకి పోతుంది. కొన్ని స్టాండ్ల కాళ్లు సరిగ్గా కీబోర్డు ఉండాల్సిన చోటికే చాచుకుని ఉంటాయి. చివరికి కంటికీ తెరకీ మధ్య 40, 45 సెంటీమీటర్లే. ఉండాల్సింది చెయ్యి చాపినంత దూరం, 50 నుంచి 70. అంత దగ్గర్లో 27 ఇంచులు పెడితే ఈ మూల నుంచి ఆ మూలకి తల తిప్పుతూనే ఉండాలి. మానిటర్ మార్చినా ఇదే కథ.

ఇంకా కొననివాళ్లయితే పాత అట్టపెట్టెని తెర సైజుకి కోసి, గోడకి 15 సెంటీమీటర్ల ఇవతల నిలబెట్టి, పది నిమిషాలు ఎదురుగా కూర్చోండి. అడుగున్నర బల్లకి 22 ఇంచులు, లేదంటే గోడకి బిగించిన 24. అంతకు మించి నేను చెప్పను.

కొనేసినవాళ్లకి మంచి మందు గోడ బ్రాకెట్. మానిటర్ వెనక చదరంగా నాలుగు రంధ్రాలు ఉండాలి, మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లు. కొన్ని సన్నటి మోడళ్లకి అసలు ఉండవు, కొన్నిటికి స్టాండు ఊడదీస్తే కనపడతాయి. మరీ పొడుగు మర బిగిస్తే లోపల తగులుతుంది, చూసుకోండి. కేబుల్ గుచ్చే చోటు కిందికి ఉందా, నేరుగా వెనక్కి ఉందా అన్నదీ ముఖ్యమే. వెనక్కి ఉంటే హెచ్‌డీఎంఐ పిన్ను గోడని తన్నుతుంది. ఎల్ ఆకారపు అడాప్టరు వేయాలి. అవి రెండు రకాలు, ఒకటి కేబుల్‌ని పైకి తిప్పుతుంది, ఒకటి కిందికి. సీటీసీకి (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులుండే చోటు) వెళ్లేముందు వెనకభాగం ఫొటో తీసుకెళ్లండి, లేకపోతే రెండోసారి సికింద్రాబాద్ ట్రాఫిక్ చూడాల్సొస్తుంది.

అద్దె ఇల్లు, ఓనరు మేకు కూడా కొట్టనివ్వడంటారా? అప్పుడు అందరూ బల్లకి బిగించే ఆర్మ్ (మానిటర్‌ని మోసే మడత చెయ్యి) కొంటారు. ఇక్కడే నేనూ బోల్తా పడ్డాను. మా చిన్నమ్మ కొడుకు గదిలో మంచి ఆర్మ్ బిగించి, మానిటర్‌ని వెనక్కి నెట్టాను. గోడకి ఒక జాన దూరంలో ఆగిపోయింది. మరలు వదులు చేశాను, మళ్లీ బిగించాను, పీస్ బాలేదని షాపువాణ్ని తిట్టుకున్నాను కూడా. గంట తర్వాత పక్క నుంచి చూస్తే, ఆర్మ్ మడిచినప్పుడు దాని మోచెయ్యి బల్ల వెనక్కి వెళ్లాలి. వెనక ఉన్నది గోడ. మోచెయ్యి గోడకి తగిలి మానిటర్‌ని ముందుకి తోస్తోంది! స్టాండు మీద ఉన్నప్పటి కంటే ఇంకా ముందుకొచ్చింది. ఆర్మ్‌ని బల్ల అంచుకి పట్టి ఉంచే క్లాంపుని మధ్యలోంచి తీసి ఎడమ మూలకి మార్చాను, మోచెయ్యి గోడ వెంబడి పక్కకి మడత పడింది, తెర గోడ దగ్గరికి పోయింది. కొనేముందు ఆర్మ్‌ని మడిచి పై నుంచి తీసిన ఫొటో చూడండి. చేతుల్లేని నిలువు రాడ్డు రకం దొరికితే ఈ గొడవే ఉండదు. కడప బండకి వెనక అంచు గోడలో ఉంటుంది కాబట్టి పక్క అంచు ఖాళీగా ఉంటేనే క్లాంపు. కింద ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించండి, లేకపోతే రాయి పగులుతుంది. గాజు బల్లకైతే వద్దే వద్దు.

లక్షణం: అక్షరాలు చుక్కలు చుక్కలుగా, మసకగా

ముందు సెట్టింగుల్లో రిజల్యూషన్ మానిటర్‌కి రాసి ఉన్నదే పెట్టారో లేదో చూడండి. అది సరిగ్గా ఉంటే, ఫుల్ హెచ్‌డీని (1920 × 1080) 27 ఇంచులకి సాగదీశారన్నమాట. ఇంచికి 82 చుక్కలే వస్తాయి. 24కి 92, 22కి 100. దగ్గర కూర్చునేవాళ్లకి ఈ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 27 కావాలంటే 2560 × 1440 తీసుకోండి. పాత వీజీఏ కేబుల్‌తో కలిపి ఉంటే ముందు దాన్ని పీకేయండి.

లక్షణం: ఒక్క టైప్-సీ కేబుల్‌తో పెడితే "నో సిగ్నల్"

ఫోన్‌తో వచ్చిన ఛార్జింగ్ కేబుల్ వాడుతున్నారు కదూ? చాలావాటిలో వీడియో వెళ్లదు. మానిటర్‌తో వచ్చిన కేబుల్ వేయండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్ పోర్టులోనే వీడియో లేకపోవచ్చు, మోడల్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే హెచ్‌డీఎంఐ వాడండి.

తెర మీద ట్యూబ్‌లైట్ మెరుస్తుంటే కిటికీకి, లైటుకి పక్కగా తిప్పండి. మినుకుమనడం, చచ్చిన చుక్కలు, అడ్డగీతలు వంటివి అరుదు. కేబుల్ మార్చినా పోకపోతే విప్పకుండా వారంటీలో ఇచ్చేయండి.