బంధువుల బిడ్డను పెంచుతున్నారా? దత్తత కావాలో, గార్డియన్‌షిప్ చాలో ముందు తేల్చుకోండి

ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల బాండ్ పేపర్. దాని మీద నోటరీ ముద్ర, కింద ఊరి పెద్దమనుషుల సంతకాలు. "పెద్ద కూతురూ అల్లుడూ పోయారు బాబూ. మనవణ్ణి మా చిన్నదానికి దత్తత ఇచ్చేశాం" అంటూ ఓ పెద్దావిడ దాన్ని నా ముందు పెట్టారు. బడిలో ఆ కాగితాన్ని ఎవరూ తప్పుపట్టలేదట. తండ్రి పీఎఫ్ డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోర్టు ఇచ్చిన గార్డియన్‌షిప్ ఆర్డర్ తెమ్మన్నారు.

న్యాయ సహాయం కోసం వచ్చేవాళ్ల చేతుల్లో ఇలాంటి బాండ్ పేపర్లు చాలా చూశాను. రాసుకుని నోటరీ చేయించినంత మాత్రాన దత్తత అయిపోదు. ఈవిడ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడు బిడ్డను దత్తత ఇవ్వగలిగేది గార్డియన్ మాత్రమే, అదీ ముందుగా కోర్టు అనుమతి తీసుకున్నాకే. అమ్మమ్మకైనా అదే రూలు.

అసలు తేడా ఎక్కడుంది?

దత్తత అంటే చట్టం దృష్టిలో బిడ్డ ఇల్లు మారిపోవడం. తల్లిదండ్రుల పేర్లు మారతాయి, మీ ఆస్తికి వారసత్వం వస్తుంది. సరిగ్గా జరిగిన దత్తతను తర్వాత ఎవరూ రద్దు చేసుకోలేరు. గార్డియన్‌షిప్‌లో కన్నవాళ్ల పేర్లే ఉంటాయి, మీకు వచ్చేది బాధ్యత. బిడ్డకు 18 నిండగానే అది ముగుస్తుంది. ఈలోపు అవసరమైతే కోర్టు గార్డియన్‌ను మార్చనూవచ్చు. మీ ఆస్తి ఆ బిడ్డకు చెందాలంటే వీలునామా రాయాలి.

తొందరలో అందరూ మర్చిపోయేది పుట్టింటి ఆస్తి. దత్తత నాటికే బిడ్డ సొంతమైపోయిన ఆస్తి బిడ్డతోనే వస్తుంది. ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. పంపకాలు జరగకముందే దత్తత వెళ్లిపోతే అందులో వాటా అడగలేరని తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ 2023లో చెప్పింది. అన్న పోయాడని ఆయన కొడుకును దత్తత తీసుకునే తమ్ముళ్లు ముందు పొలం లెక్క తేల్చుకోవాలి. తల్లి బతికుండి, ఇవాళ కాకపోతే రేపు తేరుకునేలా ఉంటే మాత్రం దత్తత మాట ఎత్తొద్దనే నా సలహా. బడి సీటు కోసం, రేషన్ కార్డు కోసం చేసే పని కాదది.

దత్తత అయితే

హిందువులకు 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ఉంది. బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు, ఈ రెండింటికీ ఆచారం ఉన్న కుటుంబాల్లో మినహాయింపు ఉంటుంది. మీకు కొడుకో, కొడుకు వైపు మనవడో, మునిమనవడో ఉంటే మగబిడ్డను తీసుకోలేరు. కూతురో, కొడుకు కూతురో ఉంటే ఆడబిడ్డను తీసుకోలేరు. మగవారు ఆడపిల్లను, ఆడవారు మగపిల్లవాణ్ణి తీసుకుంటే ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలి. కన్నవాళ్లలో ఒకరే మిగిలితే వాళ్లొక్కరే ఇవ్వవచ్చు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం నేరం.

దత్త హోమం తప్పనిసరి కాదు గానీ బిడ్డను చేతుల మీదుగా ఇవ్వడం, తీసుకోవడం జరగాల్సిందే. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టే ఆ క్షణాన్ని ఫోటో తీయించండి, పక్కన సాక్షులు కనపడాలి. తర్వాత ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ సంతకాలు పెట్టిన దత్తత పత్రాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అలా చేయిస్తే, కాదని ఎవరైనా నిరూపించేదాకా ఆ దత్తత చట్టప్రకారం జరిగినట్టే కోర్టు భావిస్తుంది.

ముస్లింలు, క్రైస్తవులు, సొంత కొడుకు ఉండి మేనల్లుణ్ణి తీసుకోవాలనుకునే హిందువులు 2015 నాటి బాలల న్యాయ చట్టం దారిలో వెళ్లాలి. ఇందులో బంధువులంటే బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, రెండు వైపుల తాతలు, నానమ్మ, అమ్మమ్మ. సొంత అన్నా అక్కా ఈ జాబితాలో లేరు. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) వాళ్ల కేరింగ్స్ పోర్టల్‌లో బంధువుల దత్తత కింద నమోదు చేసుకుని, గుర్తింపు, ఆదాయం, ఆరోగ్యం, పెళ్లి కాగితాలు ఎక్కించాలి. కన్నవాళ్ల సమ్మతి పత్రం కావాలి. గార్డియన్ ఇచ్చేటట్టయితే బాలల సంక్షేమ సమితి అనుమతి ఉండాలి. బిడ్డకు ఐదేళ్లు నిండితే బిడ్డ సమ్మతి కూడా అడుగుతారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం కాగితాలు చూశాక దరఖాస్తు కలెక్టర్‌కి వెళ్తుంది. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వులు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో ఆయనే. గడువు రెండు నెలలు.

అమెరికాలో ఉన్న పిన్నీ బాబాయిలు మాత్రం దత్తత పత్రం ఒక్కటీ పట్టుకుని వీసాకు వెళ్లొద్దు. కారా నుంచి నిరభ్యంతర పత్రం వచ్చే దారిలోనే మొదలుపెట్టాలి.

గార్డియన్‌షిప్ అయితే

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డ ఉంటున్న ఊరి పరిధిలో ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్) వేయాలి. బిడ్డ బాగోగులకైతే ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట జిల్లా కోర్టులో. పిటిషన్‌లో బిడ్డ పుట్టిన తేదీ, ఆస్తి వివరాలు, దగ్గరి బంధువుల పేర్లు, చిరునామాలు, మీరే ఎందుకు ఉండాలో రాయాలి. గార్డియన్‌గా ఉండటానికి ఇష్టమేనన్న మీ ప్రకటన మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. కన్నవాళ్లు ఉంటే వాళ్లకు నోటీసు వెళ్తుంది. కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ల ఇష్టాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. ఆర్డర్ చేతికొచ్చిందని బిడ్డ పేరున ఉన్న స్థలం అమ్మేయకండి. అమ్మడానికి, తాకట్టుకు, ఐదేళ్లు మించిన కౌలుకు కోర్టు అనుమతి కావాలి.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్లు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ను ఇస్తుంది. అనాథ పిల్లలను బంధువులే పెంచుతుంటే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయానికి కూడా అడగవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు.

ఆ పెద్దావిడ చిన్న కూతురు ఓ.పి. వేసింది. కోర్టులో పిల్లవాణ్ణి ఎవరి దగ్గర ఉంటావని అడిగితే, "పిన్ని దగ్గరే, కానీ ఆదివారాలు అమ్మమ్మ దగ్గర" అన్నాడట. ఆ పిన్నికి పిల్లల్లేరు. గార్డియన్ తనకు తానే దత్తత తీసుకోవడానికీ కోర్టు అనుమతి ఇవ్వగలదు. వాడికిప్పుడు పన్నెండేళ్లు, అంటే ఆలోచించుకోవడానికి ఇంకా మూడేళ్లలోపు టైముంది.