విదేశంలో ఉంటూ కొత్త క్లయింట్ దగ్గర అనువాదం పని ఒప్పుకోవడం ఎలా?

డబ్బు దగ్గర దెబ్బతిన్న ఫ్రీలాన్స్ అనువాదకులను కదిపి చూడండి. అనువాదం బాగాలేక పేమెంట్ ఆగిందనేవాళ్లు తక్కువ. పని దొరికిందన్న సంబరంలో "సరే, చేస్తాను" అని మెయిల్ పెట్టేశామనేవాళ్లే ఎక్కువ. ఆ "సరే"కి ముందు చేయాల్సినవి ఇవి. వరస మార్చకండి.

1. కాగితాలు, సామాను

మీ వీసా సొంతంగా పని చేసుకోనిస్తుందో లేదో ముందు కనుక్కోండి. డిపెండెంట్ వీసాలు, ఒకే యజమానికి ముడిపెట్టిన వర్క్ వీసాలు చాలా దేశాల్లో ఒప్పుకోవు. క్లయింట్ వేరే దేశంలో ఉన్నాడు కదా అంటే సాధారణంగా చెల్లదు, మీరు ఎక్కడ కూర్చుని చేస్తున్నారన్నదే చూస్తారు. పన్ను సంగతీ అంతే. ఏడాదిలో 183 రోజులు దాటితే పన్ను విషయంలో అక్కడి నివాసిగా లెక్కగట్టే దేశాలు చాలా ఉన్నాయి. ఇక సామాను అంటారా, ల్యాప్‌టాప్, యూనికోడ్ కీబోర్డు, ఒక క్యాట్ టూల్ (మీ పాత అనువాదాలను గుర్తుపెట్టుకుని, అలాంటి వాక్యం మళ్లీ వస్తే చూపించే సాఫ్ట్‌వేర్). ట్రాడోస్, మెమోక్యూ కొనలేకపోతే ఒమేగాటీ ఉచితంగానే దొరుకుతుంది.

2. అవతల ఎవరు?

పెద్ద కంపెనీ పేరు చెప్పి ఉచిత మెయిల్ ఐడీ నుంచి రాస్తే, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌కే మీరు విడిగా మెయిల్ పెట్టి అడగండి. అనువాదాల ఏజెన్సీ అయితే, ప్రోజ్ అనే అనువాదకుల వెబ్‌సైట్‌లోని బ్లూ బోర్డులో తోటి అనువాదకులు ఏం రాశారో చూడండి. ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి "మిగిలింది తిరిగి పంపండి" అంటే అది మోసమే. మీరు డబ్బు పంపేశాక తీరిగ్గా చెక్కు బౌన్స్ అవుతుంది.

3. ఫైలు తెరవండి

అన్ని పేజీలూ. మొదటి పేజీ కరపత్రంలా ఉండి, ఇరవయ్యో పేజీ నుంచి మందుల ట్రయల్ పత్రాలు మొదలయ్యే ఫైళ్లుంటాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే పదాల లెక్క నేరుగా రాదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఫైలును కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. రెండింటికీ అదనపు రేటు అడగాల్సిందే.

4. షరతుల మెయిల్

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి. ఫోన్లో మాట్లాడుకున్నాం కదా అని వదిలేయకండి, ప్రతిదీ మెయిల్‌లో ఉండాలి. అవతలి నుంచి "ఒప్పుకుంటున్నాం" అని జవాబో, పీఓనో (పర్చేజ్ ఆర్డర్, అంటే పని అప్పగిస్తూ ఇచ్చే పత్రం) వచ్చేదాకా ఒక్క వాక్యం కూడా అనువదించకండి.

మొదట రేటు. పదానికి ఎంత అన్నదే కాదు, ఏ భాష పదాలకు అన్నదీ రాయండి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేసరికి పదాల సంఖ్య బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే మన విభక్తులు పదానికే అతుక్కుంటాయి. అందుకే ఎప్పుడూ మూలంలోని పదాలకే రేటు కట్టాలి. గంటకింత అని తీసుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. చెయ్యి తిరిగేకొద్దీ పని తొందరగా అవుతుంది, ఆదాయం తగ్గుతుంది! పైగా గంటల లెక్క మీద క్లయింట్‌తో వాదన.

ఏజెన్సీలు ఒక పట్టిక పంపుతాయి. పాత అనువాదంతో 100 శాతం కలిసిన వాక్యాలకు ఇంత, 75 నుంచి 84 శాతం కలిసినవాటికి ఇంత అని డిస్కౌంట్లు. వంద శాతం కలిసినవాటికి సున్నా అంటే ఒప్పుకోకండి. ఇంగ్లీషులో అక్షరం తేడా లేని వాక్యమే ఒకచోట పసిపిల్లలతో, ఇంకోచోట డాక్టరుగారితో అన్నది కావచ్చు. తెలుగులో రెండింటికీ ఒకే క్రియ పెట్టి ఊరుకోలేం. అంటే మీరు చదవాలి, సరిచేయాలి. చేసే పనికి డబ్బు అడగడంలో మొహమాటం ఎందుకు?

తర్వాత గడువు. "శుక్రవారం సాయంత్రానికి" అంటే ఎవరి శుక్రవారం? తేదీ, గంట, పక్కన యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) అని రాయండి. రెండు దేశాల టైము తేడా నాకు కంఠతా వచ్చు అనుకునేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, యూరప్‌లో చివరి ఆదివారం. మధ్యలో ఆ రెండు మూడు వారాలూ మీ లెక్క గంట తప్పుతుంది. శనివారం, ఆదివారం గడువులు ఒప్పుకోకూడదు. ఫైల్లో సందేహం వస్తే జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

చివరగా డబ్బు. ఏ కరెన్సీ, ఎన్ని రోజుల్లో, ఆ రోజులు ఎప్పటినుంచి? "30 రోజులు" అంటే మీరు ఇన్వాయిస్ తేదీ నుంచి అనుకుంటారు, వాళ్లు నెలాఖరు నుంచి లెక్కపెడతారు. నెల మొదట్లో పంపితే దాదాపు రెండు నెలలు. 45 రోజులు దాటితే నేనైతే వద్దంటాను, మీరూ అనాలి. బ్యాంకు ఛార్జీలు ఎవరివో కూడా రాయించుకోండి. విదేశీ ట్రాన్స్‌ఫర్‌లో మధ్య బ్యాంకు కొంత కోసేసుకుంటుంది. చిన్న పనుల్లో ఆ కోతే ఒక పేజీ కూలి. "ఛార్జీలన్నీ పంపేవారివే, ఇన్వాయిస్ మొత్తం పూర్తిగా చేరాలి" అన్న ఒక్క వాక్యం చాలు.

5. పని, అప్పగింత, ఇన్వాయిస్

అనువదించండి, ఒక రాత్రి పక్కన పెట్టి మళ్లీ చదివి పంపండి. అచ్చుకు వెళ్లేదైతే పేజీలు కట్టాక పీడీఎఫ్ చూపమనండి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి, తప్పు మీ మీదికొస్తుంది.

ఇన్వాయిస్ అదే రోజు వెళ్లాలి. నెలాఖరున అన్నీ కలిపి పంపుదామనుకుంటే ఏదో ఒకటి జారిపోతుంది. ఇన్వాయిస్ మీద దాని నంబరు, పీఓ నంబరు, డబ్బు చెల్లించాల్సిన గడువు తేదీ, ఐబ్యాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) లేదా మామూలు ఖాతా నంబరు, మీ బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్ ఉండాలి. ఆ గడువు దాటిన మర్నాడే మర్యాదగా ఒక గుర్తుచేసే మెయిల్, వారం తర్వాత ఇంకొకటి. మీరూ క్లయింటూ యూరోపియన్ యూనియన్‌లోనే ఉంటే 2011 నాటి ఆలస్య చెల్లింపుల డైరెక్టివ్ ప్రకారం వడ్డీతోపాటు కనీసం 40 యూరోలు అడగొచ్చని రెండో మెయిల్‌లో చేర్చండి. మొదటి డబ్బు ఖాతాలో పడేదాకా అదే క్లయింట్ నుంచి రెండో ఫైలు తీసుకోకండి.