టోక్యో టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్‌కు ఇంటిల్లిపాదీ ఎలా వెళ్లాలి?

మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి టోక్యో వచ్చిన రెండో వారంలో, ఆదివారం ఒక ఆర్ట్ ఎగ్జిబిషన్‌కు వెళ్దామన్నాను. "సాలార్‌జంగ్ మ్యూజియం లాంటిదా అమ్మా? అద్దాల ఇవతల నిలబడి చూడ్డమేనా?" అని అడిగారు. "కాదత్తయ్యా, చెప్పులు బయట వదిలేసి మోకాలి లోతు నీళ్లలో దిగాలి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఏకాదశి నాడు పెట్టుకోకపోయావా?" అన్నారు.

ఆ మాటలో వేళాకోళం ఉన్నా, టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్‌కు తయారవ్వాల్సింది దాదాపు అలాగే. కళ్ల సంగతి తర్వాత, ముందు కాళ్ల సంగతి చూసుకోవాలి. అక్కడ తిరిగొచ్చాక నాకు తెలిసినవి, ఇప్పటికి మూడు బ్యాచ్‌ల చుట్టాలను తీసుకెళ్లి నేర్చుకున్నవి వరుసగా చెబుతాను.

1. ఏ టీమ్‌ల్యాబో ముందు తేల్చుకోండి

కళాకారులు, ప్రోగ్రామర్లు, ఇంజినీర్లు, గణితం చదివినవాళ్లు కలిసి పనిచేసే బృందం టీమ్‌ల్యాబ్. 2001లో మొదలైంది. టోక్యోలో వీళ్లకి రెండు పెద్ద ప్రదర్శనలున్నాయి. చాలామంది ఒకదానికి వెళ్లాలనుకుని రెండోదానికి టికెట్ కొనేస్తారు. అజబుదై హిల్స్‌లో 2024 ఫిబ్రవరిలో తెరిచింది బోర్డర్‌లెస్. అక్కడ నీళ్లలో దిగక్కర్లేదు, దారి తప్పి తిరగడమే అక్కడి సరదా. తొయొసులో 2018 జులై నుంచి నడుస్తున్నది ప్లానెట్స్. నీళ్లు, పూలతోట ఇక్కడే. 2025 జనవరిలో పిల్లల కోసమే అన్నట్టుగా ఫారెస్ట్ అనే పెద్ద భాగాన్ని కూడా కలిపారు. ప్లానెట్స్ 2027 చివరి వరకు ఉంటుందని ప్రకటించారు.

పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు బాగా ఉంటే బోర్డర్‌లెస్ నయం. నాలుగేళ్లు దాటిన పిల్లలుంటే మాత్రం నా ఓటు ప్లానెట్స్‌కే.

2. టికెట్‌కు రోజుతో పాటు గంట కూడా ఎంచుకోవాలి

టికెట్లు ప్రదర్శన వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ముందే కొనాలి. ఏ గంటకు లోపలికి వెళ్తామో అప్పుడే ఎంచుకోవాలి. ధర రోజును బట్టి మారుతుంది. మూడేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు ప్రవేశం ఉచితం. సెలవు రోజుల్లో మంచి వేళలు ముందే అయిపోతాయి, కాబట్టి విమానం టికెట్లు చేతికి రాగానే ఇది కూడా చూసుకోండి.

ఏ వేళ మంచిది? చిన్నపిల్లలుంటే పొద్దున్నే, మొదటి వేళకే వెళ్లండి. మధ్యాహ్నం నిద్రవేళకి బయటపడొచ్చు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే సూర్యాస్తమయానికి గంటన్నర ముందు వేళ తీసుకోండి. ఎందుకంటే ఆరుబయట నాచు తోటలో మనిషంత ఎత్తు గుడ్డు ఆకారాలు ఉంటాయి. పగలు అవి వెండిలా మెరుస్తూ చుట్టూ ఉన్నదంతా తమలో చూపిస్తాయి. పొద్దుగూకాక వాటంతట అవే వెలుగుతాయి. ఒకదాన్ని తోస్తే రంగు మారి శబ్దం చేస్తుంది, ఆ రంగు పక్కవాటికి పాకుతుంది. రెండు రూపాలూ ఒకే టికెట్‌లో చూడాలంటే సాయంత్రమే దారి. టోక్యోలో డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, జూన్‌లో ఏడు దాకా వెలుతురు ఉంటుంది. ఆ లెక్క వేసుకుని టికెట్ తీసుకోండి.

3. చీర సంగతి

ఇంట్లో ఎక్కువ చర్చ నడిచింది దీని మీదే. నీటి విభాగంలో చెప్పులు, సాక్సులు విప్పేసి నడవాలి. నీళ్లు పెద్దవాళ్లకు మోకాలి దాకా వస్తాయి. పైగా కొన్ని గదుల్లో నేలంతా అద్దమే. అందుకని చీరలు, లంగాలు, గౌన్లు వద్దు. మోకాలి పైకి మడవగలిగిన వదులు ప్యాంటు కావాలి. బిగుతు జీన్స్ పిక్క దగ్గరే ఆగిపోతుంది. అది వేసుకొచ్చి మా ఆయన నడుం దాకా తడిశారు.

అత్తయ్యగారు మొదట "కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటాలే, గోదారి రేవులో దిగలేదా?" అన్నారు. రేవులో నేల కింద అద్దం ఉండదు కదా అని చెప్పాక నవ్వేసి, రాత్రిళ్లు వేసుకునే వదులు పైజామా, దాని మీద పొడుగు కుర్తా వేసుకున్నారు. సరైన బట్టలు లేకపోతే అక్కడే షార్ట్స్ ఇస్తారు, డబ్బు తీసుకోరు. కానీ అరవై దాటిన మన ఆడవాళ్లను షార్ట్స్‌లోకి ఒప్పించడం మీ ఓపిక. ఇంటి నుంచే పైజామా తేవడం సులువు.

పట్టీలు, మెట్టెలు వదులుగా ఉంటే ఇంట్లో తీసి పెట్టండి. అడుగు కనపడని నీళ్లలో జారితే వెతకడం కష్టం. కాళ్లు తుడుచుకోడానికి తువ్వాళ్లు వాళ్లే ఇస్తారు. పిల్లలకు మాత్రం ఇంకో జత బట్టలు తప్పకుండా పెట్టుకోండి. నాలుగేళ్ల పిల్లకి ఆ నీళ్లు తొడ దాకా వస్తాయి, పైగా అది ఊరికే నిలబడదు. డైపర్ వేసుకునే వయసైతే నీళ్లలో దింపకుండా ఎత్తుకుని దాటండి.

4. వెళ్లే దారి

యురికమోమె లైన్‌లో షిన్-తొయొసు స్టేషన్‌లో దిగితే ఒక్క నిమిషం నడక. యురాకుచో లైన్‌లో తొయొసు దాకా వస్తే ఓ పది నిమిషాలు నడవాలి. నిషికసై చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామంది ఈ రెండోదే దగ్గర అంటారు. పిల్లలుంటే నా మాట విని షింబషిలో యురికమోమె ఎక్కండి. ఆ రైలుకు డ్రైవర్ ఉండడు, అందుకని ముందు సీట్లు ప్రయాణికులవే. రెయిన్‌బో వంతెన ఎక్కడానికి ముందు పట్టాలు గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. షింబషి ఈ లైన్‌కు మొదటి స్టేషన్ కాబట్టి ఒక రైలు వదిలేసి నిలబడితే ముందు సీటు దొరుకుతుంది.

5. లోపల తొందరపడొద్దు

స్ట్రోలర్ బయట వదలాలి. సామాన్లన్నీ లాకర్లో పెట్టేసి ఫోన్ ఒక్కటి ఉంచుకోండి. దానికీ మెడలో వేసుకునే తాడు ఉంటే మంచిది. సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్ కుదరవు.

నీటి విభాగంలో మొదట చీకట్లో పైనుంచి నీళ్లు పారుతున్న వాలు ఎక్కాలి. తర్వాత నేలే పరుపులా కుంగిపోయే గది. పిల్లలు దొర్లుతారు, పెద్దవాళ్లు తూలుతారు. అత్తయ్యగారి చెయ్యి నేనొకవైపు, మా ఆయన ఒకవైపు పట్టుకున్నాం. కష్టమనిపిస్తే అక్కడి సిబ్బందిని అడగండి, దాటి వెళ్లే దారి చూపిస్తారు.

అసలైన చోటు చేపల కొలను. పాలలా తెల్లగా, గోరువెచ్చగా ఉన్న నీళ్ల మీద రంగురంగుల కోయ్ చేపలు ఈదుతుంటాయి. అవి నిజం చేపలు కావు, పైనుంచి పడే వెలుగు. మనిషికి తగలగానే చేప పువ్వై విచ్చుకుని రాలిపోతుంది. ముందే తీసి పెట్టుకున్న వీడియో కాదిది. నీళ్లలో ఎవరెక్కడున్నారో, ఎటు కదులుతున్నారో చూసుకుంటూ కంప్యూటర్ అప్పటికప్పుడు గీస్తుంది. అందుకే ఇందాక కనిపించిన దృశ్యం మళ్లీ రాదు. పూలు కూడా ఏడాదిలో కాలాన్ని బట్టి మారతాయి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఫొటోల కోసం అటూ ఇటూ నడుస్తూనే ఉండడం. మీరు నడుస్తుంటే చేపలు చెదిరిపోతాయి. ఓ మూల కదలకుండా నిలబడండి. రెండు మూడు నిమిషాల్లో చేపలు మీ చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. ఇది నేను కనిపెట్టింది కాదు. మా అందరి హడావిడి చూసి విసిగి, అత్తయ్యగారు ఒక చోట చేతులు కట్టుకుని నిలబడిపోయారు. కాసేపటికి ఆవిడ మోకాళ్ల చుట్టూ అంతా పూలే. "ఏమ్మా, నీళ్లు కదపకపోతేనే వస్తున్నాయి చూశావా" అన్నారు.

చివర్లో గుండ్రటి కప్పు కింద పూలు తేలిపోయే గది ఉంటుంది. వెల్లకిలా పడుకుని చూడాలి. కాసేపటికి పూలు ఆగి, మనమే పైకి లేస్తున్నట్టుంటుంది. కళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు మధ్యమధ్య కళ్లు మూసుకుంటే సరి.

తోట విభాగంలో వేలాడే ఆర్కిడ్లు మాత్రం నిజమైనవే, పదమూడు వేలకు పైగా ఉంటాయి. మట్టి లేకుండా గాలిలోని తేమతో బతికే మొక్కలవి. మనం దగ్గరికి వెళ్తే పూలగుత్తులు పైకి లేచి చోటిస్తాయి, కదిలాక మళ్లీ కిందికి దిగుతాయి. పూల మీద చెయ్యి వెయ్యకూడదని పిల్లలకు బయటే చెప్పండి, లోపలికెళ్లాక వినరు.

6. ఫారెస్ట్‌ను పిల్లలకు వదిలేయండి

గెంతడం, పాకడం, పట్టుకోవడం ఇక్కడి పని. కొన్ని ఆటలకు వయసు, ఎత్తు నియమాలున్నాయి, గుమ్మం దగ్గర చూసుకోండి. అంతరించిపోయిన జంతువులను ఫోన్‌లోకి పట్టుకుని, వాటి గురించి చదివి వదిలేసే ఆట ఉంది. దానికి వాళ్ల యాప్ కావాలి కాబట్టి ఇంట్లో వైఫై మీదే దించుకుని, ఫోన్ పూర్తిగా ఛార్జ్ చేసుకోండి. ఇంకో చోట కాగితం మీద వేసిన బొమ్మను స్కాన్ చేస్తే అది గోడల మీద కదలడం మొదలవుతుంది. డబ్బు కడితే ఆ బొమ్మను బ్యాడ్జి మీదో, టీషర్టు మీదో వేసిస్తారు. పిల్లల పని అయ్యేదాకా కూర్చోడానికి పెద్దవాళ్లకు ఓ బెంచీ వెతికి పెట్టండి.

మొత్తానికి మాకు మూడు గంటలు పట్టింది. ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి పంపరు, అందుకని బాత్రూమ్ పని ముందే కానిచ్చుకోండి.

7. తిండి

లోపల తినకూడదు. జపాన్‌లో పైకి కూరగాయల రామెన్‌లా (పులుసులో వేసిన నూడుల్స్) కనిపించినా, పులుసు చాలాసార్లు చేపతోనో మాంసంతోనో కాస్తారు. పూర్తి శాకాహారులు ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుని, దగ్గర్లోనే నీటి ఒడ్డున ఉన్న తొయొసు గురురి పార్కులో కూర్చుని తినేసి లోపలికి వెళ్లడం ఉత్తమం. మేమూ అదే చేశాం. నిమ్మకాయ పులిహోర తెచ్చుకోండి. చింతపండుదైతే చేతులు కడుక్కునే చోటు వెతుక్కోవాలి.