మోకాలి ఇంజెక్షన్ తర్వాత నొప్పి: నాకు పనిచేసినవి

కీళ్ల అరుగుదలకు మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్న రాత్రి నొప్పి మునుపటికన్నా ఎక్కువైంది. కారణం తెలిశాక సగం భయం పోయింది. దానితోపాటు ఇచ్చే మత్తుమందు ప్రభావం కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. స్టెరాయిడ్ పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా మందులోని సన్నని స్ఫటికాల వల్ల కొందరికి కీలు లోపలి పొర మండుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

నాకు ఎక్కువ ఊరటనిచ్చింది ఐసే. పల్చటి తువాలులో చుట్టి 10–15 నిమిషాలు పెట్టి తీసేయడం, కాస్త ఆగి మళ్లీ పెట్టడం. వేడి కాపడం జోలికి పోలేదు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకున్నాను. మెట్లు, బరువులు మానేసి ఇంట్లోనే మెల్లగా నడిచాను. పూర్తిగా మంచం పట్టితే కీలు బిగుసుకుపోతుంది మరి. మధుమేహం ఉన్నవారికి కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరగవచ్చు. జ్వరం వచ్చినా, కీలు ఎర్రబడి వాపు పెరుగుతున్నా ఐసుతో కాలక్షేపం చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.