అండమాన్ పిట్టల కోసం పోయే ముందు బూట్లు కడగండి

నల్లగొండ నుంచి అండమాన్ పిట్టలను చూడపోతున్నారా? బైనాక్యులర్ కన్నా ముందు బూట్లు చూసుకోండి. మన చెలకల్లో తిరిగిన బూటు అడుగున మట్టితో పాటు వయ్యారిభామ గింజలు ఇరుక్కుంటాయి. సాక్సులకు, ప్యాంటు అంచులకు ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి. దబ్బనంతో మట్టి గీకి, పాత టూత్‌బ్రష్‌తో సర్ఫు నీళ్లలో రుద్ది, రోజంతా ఎండబెట్టండి. సాక్సులు తిరగేసి ఉతకండి, బ్యాగు కుట్లు దులపండి.

ఇది అతి జాగ్రత్త కాదు. మన బూట్ల వెంట పోయిన గింజ అక్కడ మొలిస్తే, బయటి నుంచి వచ్చిన జీవులు ఆ దీవులకు చేసిన చేటే అదీ చేయొచ్చు. బ్రిటిష్ వాళ్లు వదిలిన చుక్కల దుప్పులు, పులి గానీ చిరుత గానీ లేని ఆ అడవుల్లో లేత మొక్కలను ఎదగనివ్వడం లేదు. 1940లలో జపాన్ ఆక్రమణ కాలంలో వచ్చిన ఆఫ్రికా నత్త తోటల మీద పడింది.

డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. గడియారం మనదే అయినా పొద్దు అక్కడ ముందే పొడుస్తుంది, కాబట్టి తెల్లారేసరికే పిట్టలు చూసే చోటైన చిడియా టాపులో ఉండాలి. ఏసీ గదిలోంచి తీయగానే బైనాక్యులర్ అద్దాలకు ఆవిరి పడుతుంది. అరగంట ముందే బయట పెట్టండి.

మన జెముడుకాకిది నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు. అక్కడిదానికి రెక్కలు అలాగే ఉన్నా తల, ఒళ్లు లేత గోధుమ రంగు. తొందరపడి మనదే అనుకుని వదిలేస్తారు, జాగ్రత్త. నార్కొండం హార్న్‌బిల్ అనే పెద్దముక్కు పిట్ట మాత్రం నార్కొండం అనే ఒక్క దీవిలోనే ఉంటుంది, ప్రత్యేక అనుమతి లేకుండా అక్కడికి పోలేం.

వచ్చేటప్పుడు చచ్చిన పగడం ముక్క కూడా సంచిలో వేసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.