రొయ్యల ప్లాంట్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నారా? ముందు కౌంట్ నేర్చుకోండి

మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. నాన్నకి మూడెకరాల వరి, రెండెకరాల రొయ్యల చెరువు. నేను బీటెక్ ఫుడ్ టెక్నాలజీ. మూడో ఏడు పరీక్షలయ్యాక మే, జూన్ రెండు నెలలూ భీమవరం వైపు ఒక పెద్ద రొయ్యల ఎగుమతి కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. కంపెనీ పేరు రాయను, రాయనని సంతకం పెట్టొచ్చాను. మా జూనియర్లు రోజుకొకరు ఫోన్ చేసి "అక్కా, ఎలా వెళ్ళాలి, ఏం చెయ్యాలి" అని అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తే ఓ పనైపోతుందని కూర్చున్నాను.

దరఖాస్తు సంగతి త్వరగా తేల్చేస్తాను. కంపెనీ మెయిల్‌కి జనవరిలో రెజ్యూమె పంపాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫిబ్రవరిలో నాన్న సరుకు కొనే ఏజెంటు గారు చెరువు గట్టు మీదకి వచ్చినప్పుడు అడిగితే, క్వాలిటీ విభాగంలో ఎవర్ని కలవాలో చెప్పారు. హెచ్‌ఓడీ సంతకం ఉన్న లెటర్, బోనఫైడ్, ఆధార్ జిరాక్స్, ఒక్క పేజీ రెజ్యూమె పట్టుకెళ్ళాను. పావుగంటలో పని తేలిపోయింది. మన వైపు రొయ్యతో సంబంధం లేని ఇల్లు తక్కువ. ఐసు ఫ్యాక్టరీ గుమస్తానో, మేత కంపెనీ టెక్నీషియనో, వ్యాను డ్రైవరో చుట్టాల్లో ఎవరో ఒకరుంటారు, మొహమాటపడకుండా అడగండి. కాకపోతే కాలేజీ లెటర్ లేకుండా ఒట్టి సిఫార్సుతో వెళ్తే గేటు దాటనివ్వరు. ఆ లెటర్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ విభాగంలో అన్నది స్పష్టంగా రాయించుకోండి. ఆహారం ముట్టుకునే పని కాబట్టి వైద్య పరీక్ష సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ముందే చేయించుకుంటే ఓ వారం కలిసొస్తుంది.

రోజూ ఇంటి నుంచే తిరగొచ్చనుకున్నాను. పొద్దున్నే పంటు (గోదారి దాటించే పడవ) ఎక్కి నరసాపురం, అక్కణ్ణుంచి రైలో బస్సో పట్టుకుని భీమవరం. రెండ్రోజులకే నీరసం వచ్చేసింది. పైగా సరుకు దిగేది రాత్రిళ్ళు. పంటు నా కోసం అర్ధరాత్రి దాకా ఆగదు కదా! అమ్మ సణుగుతూనే ఒప్పుకుంది, భీమవరంలో హాస్టల్లో దిగాను. మీరూ దగ్గర్లోనే ఉండండి. లారీ వచ్చినప్పుడు మీరు లేకపోతే సగం చదువు పోయినట్టే.

కౌంట్ సంగతి

మొదటి రోజే నా పరువు పోయింది. టేబుల్ మీద సరుకు చూపించి సూపర్‌వైజర్ గారు "ఇది ఎంత కౌంట్ అమ్మా?" అన్నారు. చిన్నప్పటి నుంచి చెరువులో రొయ్యల పట్టుబడులు చూసినదాన్ని, ధీమాగా "నలభై అండి" అన్నాను. "ఇరవై ఆరు, ముప్పై" అన్నారాయన. రైతు కూతుర్ని, నాకు తెలీదా అని వాదించాను. టేబుల్ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మాస్కుల వెనక నవ్వడం కళ్ళల్లో కనిపించింది.

ఇద్దరి మాటా నిజమే. చెరువు గట్టు మీద కౌంట్ అంటే తలతో సహా కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. నలభై కౌంట్ అంటే రొయ్య 25 గ్రాములు. ఆ ప్లాంట్‌లో ఆ రోజు నడుస్తున్న ఆర్డరు అమెరికాది. అక్కడి లెక్క తల తీసిన రొయ్యకి, అదీ పౌనుకి, అంటే 454 గ్రాములకి ఎన్ని అని. వనామీకి, అంటే ఇప్పుడు మన చెరువుల్లో పెంచే రొయ్య రకానికి, తల తీస్తే సుమారుగా మూడింట రెండొంతులు మిగులుతుంది. 25 గ్రాముల రొయ్య పదహారున్నరకి వస్తుంది. 454ని పదహారున్నరతో భాగించండి, ఇరవై ఏడున్నర. అందుకే అది 26/30 పెట్టెలోకి వెళ్తుంది. అలాగే మన వంద కౌంట్ రొయ్య అక్కడ 61/70 అవుతుంది. వెళ్ళేముందు ఈ లెక్క పది సైజులకి కట్టుకుని వెళ్ళండి. నాలా వాదించకుండా బయటపడతారు. ఆ రాత్రే హాస్టల్ నుంచి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను, ఈ పౌన్ల గొడవ ఎవడూ చెప్పలేదే" అన్నాడు. ముప్పై ఏళ్ళలో సగం టైగర్ రొయ్య కాలం లెండి. వనామీకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో.

లోపలికి వెళ్ళేముందు

గాజులు, ఉంగరం, చెవిదుద్దులు, గోళ్ళ రంగు, బొట్టుబిళ్ళ అన్నీ బయటే. బొట్టుబిళ్ళ ఎందుకని అడిగాను. ఊడి రొయ్యల్లో పడితే అమెరికాలో ఎవరి పళ్ళెంలోనో తేలుతుందన్నారు. తర్వాత గమ్ బూట్లు, ఆప్రాన్, టోపీ, మాస్కు, గ్లవ్స్. బూట్లు ముంచే తొట్టిలో 200 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 200 పాళ్ళు) క్లోరిన్, చేతులు ముంచే దాంట్లో 20 పీపీఎం. ఈ అంకెలు గోడ మీదే రాసుంటాయి. చూసి ఊరుకోకండి, క్లోరిన్ పేపరు ముంచి మీరే కొలవండి. పొద్దున కలిపిన క్లోరిన్ మధ్యాహ్నానికి ఎంత తగ్గుతుందో వారం రోజులు రాసుకుంటే అదే ఒక పాఠం.

చలి గురించి ఎవరూ ముందు చెప్పలేదు. బయట మే నెల రోళ్ళు పగిలే ఎండ, లోపల కాళ్ళు కొంకర్లు పోయే చలి, నేలంతా ఐసు నీళ్ళు. బూట్ల లోపలికి రెండు జతల మందపాటి సాక్సులు కొనుక్కోండి. టిఫిన్ మానేసి లోపలికి వెళ్ళకండి. మూడో రోజు నేను కళ్ళు తిరిగి క్రేట్ల మీద చతికిలబడ్డాను. ఇక వాసన సంగతి. నిమ్మచెక్క, శనగపిండి, సబ్బు అన్నీ రుద్దాను. వారానికి ముక్కే అలవాటుపడింది, హాస్టల్ గదిలో పిల్ల మాత్రం పడలేదు.

మొదటి వారం ఎవరైనా "ఊరికే చూడమ్మా" అంటారు. ఊరికే చూస్తే కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగలవు. నేను తలలు తీసే టేబుల్ దగ్గర చేరి "పిన్నిగారూ, నాక్కూడా చూపించండి" అన్నాను. పాలకొల్లు వైపు నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఒకావిడ పక్కకి జరిగి చోటిచ్చింది. "బొటనవేలు తల కింద పెట్టు పాపా, కాస్త వెనక్కి వంచి లాగు. మెడ దగ్గర కండ తోకతో రావాలి, తలతో పోకూడదు" అంది. ఆవిడ ఒకటి తీసి చూపించే లోపు పక్కావిడ నాలుగు తీసేసింది. నాకు గంటకి రెండు కిలోలు కూడా కాలేదు. వేళ్ళకి రొయ్య కొమ్ము గుచ్చుకుంది కూడా. కానీ ఆ మెడ కండ మాట ఏ క్లాసులోనూ వినలేదు, నా ప్రాజెక్టంతా దాని మీదే నిలబడింది. మేడమ్‌లూ సార్లూ చెప్పేది ఫైళ్ళలో ఎలాగూ ఉంటుంది. టేబుల్ దగ్గరవాళ్ళు చెప్పేది అదే రోజు నోట్‌బుక్‌లో ఎక్కించండి. కాగితం లోపలికి తీసుకెళ్ళనివ్వకపోతే, బయటికి రాగానే బూట్లు విప్పకముందే రాసుకోండి.

థర్మామీటర్

ఇది నా తప్పు, దాచుకోను. రెండో వారం గంటగంటకీ రొయ్య ఉష్ణోగ్రత చూసి రాసే పని ఇచ్చారు. సరుకు 4 డిగ్రీలు దాటకూడదు. పొద్దున్నించీ ప్రతిసారీ మూడు చిల్లరే వస్తోంది. మధ్యాహ్నం రెండింటికి ఒళ్ళు బరువెక్కి, థర్మామీటర్ పెట్టకుండానే 3.4 అని రాసేశాను. క్వాలిటీ మేడమ్ గారు అటుగా వచ్చి షీటు చూశారు. ఏమీ అనకుండా క్రేటులో రొయ్య తీసి గుచ్చారు. 6.1. ఐసు కరిగిపోయింది, మళ్ళీ వేసేవాడు భోజనానికి వెళ్ళాడు.

అరిచినా బాగుండేది. ఆవిడ ముందు ఐసు వేయించారు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి, 1997లో యూరప్ మన దేశపు సముద్ర ఉత్పత్తుల్ని ఆగస్టు నుంచి డిసెంబరు దాకా రానివ్వకుండా ఆపేసిన సంగతి చెప్పారు. శుభ్రత సరిగ్గా లేదన్నదే కారణం. "మనం పంపే ప్రతి కార్టన్ వెనకా ఇలాంటి షీటు ఉంటుంది. ఒక్క గడి అబద్ధమని తేలితే మిగతా గడులు ఎవరు నమ్ముతారు?" అన్నారు. నా షీటు మీద 3.4 కొట్టేసి, 6.1 రాసి, పక్కన నా చేత సంతకం పెట్టించారు. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

కాబట్టి కొలవనిది రాయకండి. మర్చిపోతే గడి ఖాళీగా వదిలి, మర్చిపోయానని చెప్పండి. తప్పు రాస్తే ఒక్క గీత గీసి సంతకం పెట్టండి, వైట్‌నర్ ముట్టుకోవద్దు. ఇంకో చిట్కా: పొద్దున్నే గ్లాసులో చితక్కొట్టిన ఐసు, కాసిని నీళ్ళు పోసి థర్మామీటర్ ముంచండి. సున్నా చూపించకపోతే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అడగండి. మెటల్ డిటెక్టర్ దగ్గరా ఇంతే. ఇనుము, స్టీలు ముక్కలున్న పరీక్ష కార్డులు గంటకోసారి పంపి చూస్తారు. కార్డు దాటినప్పుడు బెల్టు ఆగకపోతే, కిందటి పరీక్ష తర్వాత వెళ్ళిన పెట్టెలన్నీ వెనక్కి తెస్తారు. అలా ఎందుకు చేస్తారో అడిగి తెలుసుకోండి, వైవాలో ఈ ప్రశ్న వస్తుంది.

ల్యాబులో నాలుగు రోజులే ఉండనిచ్చారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి నిషేధించిన మందుల జాడ కోసం ఎలీసా పరీక్ష చేస్తారు. ల్యాబువాళ్ళు కావాలనే సరుకు ఫెయిల్ చేస్తారని మా ఊళ్ళో గట్టి నమ్మకం. పైపెట్ పట్టుకుని నేనే పరీక్ష ప్లేటులోని నలభై గుంటల్లో నింపాక ఆ మాట అనడం మానేశాను. నాన్న ఇంకా మానలేదు.

ప్రాజెక్టు

"సార్, ఏదైనా టైటిల్ ఇవ్వండి" అని అడగొద్దు. పాత రిపోర్టు ఒకటి చేతిలో పెడతారు, మీరూ దాన్నే తిరగ రాస్తారు. ఒక్క అంకె ఎంచుకుని దాని వెంట పడండి. నేను తల తీశాక మిగిలే బరువు పట్టుకున్నాను, అక్కడ ఈల్డ్ అంటారు. ఒక్కో లాట్ (ఒక విడతగా వచ్చిన సరుకు) నుంచి పది కిలోలు తీసి, రెండు నిమిషాలు నీళ్ళు వాడ్చి తూచేదాన్ని. తల తీశాక మళ్ళీ రెండు నిమిషాలు వాడ్చి తూకం. వాడ్చే టైము మారితే నీళ్ళ బరువు కలిసి లెక్క చెడిపోతుంది. నా మొదటి అయిదు లాట్లూ అందుకే చెత్తబుట్టలోకి పోయాయి.

మిగిలిన ఇరవై నాలుగు లాట్లలో ఎక్కువ వాటికి 66, 67 శాతం వచ్చింది. ఆరింటికి మాత్రం 63 దగ్గర ఆగిపోయింది. టన్నుకి మూడు, నాలుగు శాతమంటే ముప్పై, నలభై కిలోలు. టేబుల్ వాళ్ళు అజాగ్రత్తగా తీస్తున్నారేమోనని నా మొదటి అనుమానం. ఆ మాట పైకి అననందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. పిన్నిగారిని అడిగితే "ఆ రోజుల సరుకు మెత్తన పాపా, పట్టుకుంటే మెడ చిరిగిపోతుంది" అంది. ఆదివారం ఇంటికెళ్ళి నాన్నకి తేదీలు చదివి వినిపించాను. ఆయన గోడ మీద క్యాలెండర్ తీసి "ఇది అమావాస్య మర్నాడు, ఇది పౌర్ణమి. పెంకు వదిలే రోజులు. సాఫ్ట్ రాక ఏం వస్తుంది? తెల్లమచ్చ రోగం భయంతో ఎవరో తొందరపడి పట్టేసి ఉంటారు" అన్నాడు. ఆరింటిలో నాలుగు లాట్లు సరిగ్గా ఆ రోజుల చుట్టుపక్కలే పట్టినవి. చెరువు దగ్గర అందరికీ తెలిసిందే, ప్లాంట్‌లో పిన్నిగార్లకీ తెలిసిందే. ఈల్డ్ రిజిస్టర్లో మాత్రం పట్టిన తిథి రాసే గడి లేదు.

మేడమ్ గారికి గ్రాఫు చూపించాను. బాగుందన్నారు, వెంటనే ఎర్రపెన్ను తీశారు. "రుజువైంది" అని నేను రాసిన చోట "గమనించబడింది" అని దిద్దారు. ఇరవై నాలుగు లాట్లతో అంతకంటే ఎక్కువ అనకూడదట. మీ రిపోర్టులోనూ ఇలాంటి పెద్ద మాటలు వైవాకి ముందే మీరే కొట్టేయండి.

ఇక ఫోను. లోపల ఫోటోలు తీయొద్దు, సెల్ఫీలు అసలే వద్దు. మొదటి రోజు సంతకం పెట్టించుకునే కాగితం పూర్తిగా చదవండి. కొనేవాళ్ళ పేర్లు, ధరలు, మందుల పాళ్ళు రిపోర్టులో పెట్టకూడదని అందులో ఉంటుంది. రిపోర్టు కాలేజీకి ఇచ్చేముందు కంపెనీలో ఒకరికి చూపించి సరేననిపించుకోండి. స్టైపెండ్ ఉందా లేదా అన్నది చేరేముందే అడగండి. నాకు లేదు, మధ్యాహ్నం భోజనం మాత్రం పెట్టారు. ఆదివారాలు తప్ప రోజూ సాంబారే.

ఆఖరి రోజు సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడే నిలబడి పేరు, రోల్ నంబరు, రెండు తేదీలూ చదువుకోండి. నేను కవరు విప్పకుండా సంచీలో పెట్టుకుని వచ్చేశాను. పంటు నడి గోదాట్లో ఉండగా విప్పి చూస్తే జూన్ బదులు జులై అని ఉంది. మర్నాడు మళ్ళీ పంటు, మళ్ళీ రైలు. గేటు దగ్గర పిన్నిగారు ఎదురై "అప్పుడే బెంగెట్టుకున్నావా పాపా?" అంది.