మెడిసిన్ సీటుకి లోన్ తీస్కోవాలా? ముందు ఇంట్లోవాళ్ల సిబిల్ తీయండి

నీట్ రిజల్ట్ రానీ, కౌన్సెలింగ్ కానీ, బీ కేటగిరీలో (మేనేజ్‌మెంట్ కోటా) సీటు వస్తే అప్పుడు బ్యాంకుకెళ్దాంలే అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. సీటు అలాట్ అయ్యాక కాలేజీలో రిపోర్ట్ చేసి ఫీజు కట్టడానికి ఇచ్చేది కొద్ది రోజులే, అదే సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పులు, వాటిని కట్టిన తీరు రాసుండే రిపోర్టులో, ఒక్క తప్పు దొరికిందనుకోండి, దాన్ని సరిచేయడానికి బ్యాంకుకీ ఆ రిపోర్టు తయారుచేసే బ్యూరోకీ కలిపి రూల్ ప్రకారమే 30 రోజుల టైముంటది. మరి ఈ పని ఎప్పుడు పెట్టుకోవాలి? నీట్ మే నెలలో కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో, పిల్లలు ఇంకా బయాలజీ రివిజన్‌లో ఉన్నప్పుడే ఇంట్లో పెద్దవాళ్లు కానిచ్చేయాలి.

ఎవరి సిబిల్ అంటారా, ముఖ్యంగా నాన్నది. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలకి అప్పుల చరిత్ర ఏముంటది, రిపోర్టు తీసినా స్కోరు ఉండాల్సిన చోట ఎన్‌హెచ్ అనో మైనస్ వన్ అనో వస్తది, అంటే హిస్టరీ లేదని, దానికి కంగారు పడక్కర్లేదు. మొదటిసారి లోన్ అడిగేవాళ్లని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని ఆర్‌బీఐ కూడా బ్యాంకులకి చెప్పింది. బ్యాంకువాడు అసలు చూసేది కో అప్లికెంట్‌గా సంతకం పెట్టే నాన్ననో అమ్మనో. ఏడాదికి పది లక్షలు దాటే ఫీజు, పైగా ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఇల్లో ప్లాటో తాకట్టు అడుగుతారు, అంత పెద్ద అప్పుకి ఎదురుగా కూర్చున్న మనిషి పాత అప్పులు ఎలా కట్టాడో చూడకుండా ఎవరిస్తారు చెప్పండి.

సరే, తీయడం ఎలా. మన దేశంలో ఇలాంటి బ్యూరో సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి, మొత్తం నాలుగు. ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి, ఇది 2017 నుంచి ఉన్న ఆర్‌బీఐ రూలే. సిబిల్ సైట్‌కెళ్తే ముందు డబ్బులు కట్టే ప్లాన్లే పెద్ద అక్షరాలతో ఎదురొస్తాయి, వాటి జోలికెళ్లకుండా ఫ్రీ రిపోర్ట్ అన్న ఆప్షన్ వెతుక్కొని పాన్ నంబరు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్, మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తది. నాన్న పాత నంబరు ఎప్పుడో పోయి ఉంటే మాత్రం ఇక్కడే ఆగిపోద్ది, బ్యాంకులో నంబరు మార్పించుకునే పని ఇంకోటి తగుల్తది, అందుకే చివరి నిమిషంలో వద్దనేది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతదని ఇప్పటికీ కొంతమంది భయపడతారు, తగ్గదు, నెలనెలా చూస్కున్నా తగ్గదు.

పేమెంట్ యాప్‌లో సూది తిరిగి 742 అని చూపిస్తే సరిపోదు, పీడీఎఫ్ మొత్తం దింపుకోండి. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటది, 750 దాటితే మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ స్కోరు బాగానే ఉండి లోపల ఏ మూలో ‘రిటన్ ఆఫ్’ (ఇక వసూలు కాదని బ్యాంకు రాసేసుకున్న బాకీ) అని రెండు ముక్కలు ఉన్నా మేనేజరు కళ్లు అక్కడే ఆగుతాయి.

రిపోర్టు చదవడం మొదలుపెడితే ముందు పేరు, పాన్, పుట్టిన తేదీ, అడ్రసులు. మనవాళ్లకి ఇంటిపేరుతో పెద్ద గొడవ, పాన్‌లో పూర్తి పేరు, బ్యాంకులో వి.వి. అని పొడి అక్షరాలు, ఆధార్‌లో ఇంకో రకం, దానికితోడు ఒకే ఇంటిపేరు ఒకే పేరు ఉన్నవాళ్లు ఊళ్లో నలుగురుంటారు, ఎవరి అప్పో మన రిపోర్టులో వచ్చి కూర్చోడానికి ఇవన్నీ దారులే. తర్వాత అకౌంట్లు. ఒక్కో అప్పుకీ ఒక్కో పెట్టె ఉంటది, అందులో ఇచ్చిందెవరు, ఎంత, ఇంకా ఎంత బాకీ, ఓనర్‌షిప్ ఎవరిది అన్నీ ఉంటాయి. ఈ ఓనర్‌షిప్ దగ్గర కాస్త ఆగి చూడండి. మా బాబాయికి పైసా అప్పు లేదు, స్కోరు చూస్తే 680, ఇదేంటని పీడీఎఫ్ తీస్తే తోడల్లుడు ట్రాక్టర్ తీసుకున్నప్పుడు షూరిటీ సంతకం పెట్టింది గ్యారెంటర్ అని పడుంది, ఆయన వాయిదాలు ఎగ్గొట్టిన నెలలన్నీ ఈయన ఖాతాలో కనిపిస్తన్నాయి. ఇది తప్పు కాదు కాబట్టి డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు) వేసినా లాభం లేదు, తోడల్లుణ్ణి కూర్చోబెట్టి బాకీ కట్టించుకోవడమే.

ఆ పెట్టె కిందే నెలల వరుస ఉంటది, దాన్ని డీపీడీ అంటారు, గడువు దాటి ఎన్ని రోజులైందో అన్న లెక్క, సిబిల్‌లో 36 నెలల దాకా చూపిస్తది. 000 అనో ఎస్‌టీడీ అనో ఉంటే శుభ్రం, ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ ఉంటే ఆ నెల బ్యాంకే వివరాలు పంపలేదని, 030, 060 లాంటి అంకెలుంటే అన్ని రోజులు ఆలస్యమైందని. 90 దాటితే మామూలు లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) కింద లెక్క. ఒకట్రెండు నెలలు 015 లాంటివి ఉన్నా సర్దిచెప్పుకోవచ్చు, ఈమధ్య ఆరు నెలల్లో ఉంటే మాత్రం అడుగుతారు, జవాబు రెడీగా పెట్టుకోండి.

వ్యవసాయం ఉన్న ఇళ్లలో పంట రుణం సంగతి వేరేగా చూడాలి. మాఫీ వస్తదని ఎదురుచూస్తా రెన్యువల్ చేయకుండా వదిలేసినవాళ్లు ఎంతమంది లేరు, ఈలోపు అకౌంటు ఓవర్‌డ్యూలోకి పోతది. తెలంగాణలో 2024 జూలైలో మొదలైన 2 లక్షల మాఫీలో డబ్బు పడ్డవాళ్లు కూడా బ్యాంకు పుస్తకంలో సున్నా అయింది కదా అని ఊరుకోకుండా రిపోర్టులో కూడా సున్నా అయిందో లేదో చూస్కోవాలి. అమ్మ కో అప్లికెంట్ అయితే డ్వాక్రా గ్రూపు అప్పులు, మైక్రో ఫైనాన్సువి ఉంటాయి, వాటికోసం క్రిఫ్ హైమార్క్ రిపోర్టు కూడా తీయండి, ఆ కంపెనీ మొదలైందే మైక్రో ఫైనాన్స్ లెక్కలతో.

ఇంకో రకం చిన్న చిన్నవి. బండి లోన్ చివరి వాయిదా కట్టేసి ఎన్‌ఓసీ (ఇక బాకీ లేదని ఇచ్చే కాగితం) తెచ్చుకోకపోవడం, వాడని క్రెడిట్ కార్డు మీద యాన్యువల్ ఫీజు ఐదొందలు పడి అది పెనాల్టీలతో కలిసి ఐదువేలవడం. తక్కువకి ఒప్పుకుంటాం అన్నారని ‘సెటిల్’ చేసుకున్న కార్డులు అన్నింటికన్నా చెడ్డవి, రిపోర్టులో సెటిల్డ్ అంటే పూర్తిగా కట్టలేదు అనే అర్థం. స్థోమత ఉంటే ఆ మిగిలింది కట్టేసి, నో డ్యూస్ లెటర్ తీస్కొని, క్లోజ్డ్ అని మార్పించుకోండి.

తప్పు నిజంగా తప్పే అయితే సిబిల్ సైట్‌లోనే లాగిన్ అయి డిస్ప్యూట్ పెట్టొచ్చు, ఏ అకౌంటు, అందులో ఏ వివరం తప్పో ఎంచుకోవాలి, రిపోర్టు పైనున్న కంట్రోల్ నంబరు దాచుకోండి. బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు, బ్యాంకు సరేనంటేనే మారుస్తది, అందుకని అదే రోజు ఆ బ్యాంకుక్కూడా ఎన్‌ఓసీ జత చేసి మెయిల్ పెట్టండి, బ్రాంచిలో నోటిమాటగా చెప్పొస్తే రేపు చూపించడానికి ఏమీ ఉండదు. 30 రోజులు దాటినా తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఈ రూల్ ఉంది. వంద గురించి కాదు గానీ, మెయిల్లో ఆ మాట రాస్తే ఫైలు కాస్త కదుల్తది. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో, ఫీజు లేకుండా ఫిర్యాదు పెట్టొచ్చు. సిబిల్ క్లియర్ చేస్తాం, పదివేలివ్వండి అనేవాళ్లు చాలామంది తిరుగుతున్నారు, నిజమైన బాకీని ఎవడూ చెరపలేడు, తప్పుడు ఎంట్రీ అయితే మీరే ఫ్రీగా తీయించుకోవచ్చు, మరి ఆ పదివేలు దేనికి.

స్కోరు కొంచెం పెంచుకునేంత టైముంటే కార్డు వాడకం లిమిట్‌లో 30 శాతం లోపుకి తగ్గించి, ఓవర్‌డ్యూలు ఏమైనా ఉంటే ముందు అవి కట్టేయండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకి లెక్కలు పంపాలి, కాబట్టి మార్పు ముందుకంటే తొందరగా కనిపిస్తది. ఈ నెలల్లో కొత్త ఫోను ఈఎమ్ఐలో కొనడం, ఐదు బ్యాంకుల్లో ఒకేసారి అప్లై చేయడం వద్దు, అప్లై చేసిన ప్రతిసారీ ఆ బ్యాంకు మన రిపోర్టు అడిగిందని ఎంక్వైరీ పడతది. జార్జియా, కిర్గిజ్‌స్థాన్ ఎంబీబీఎస్‌కి పంపే కన్సల్టెన్సీలు లోన్ మేమే చూస్తాం అని పాన్, ఓటీపీ అడిగి నాలుగు చోట్ల ఫైలు తోసేస్తాయి, ఓటీపీ చెప్పేముందు ఎక్కడ పెడుతున్నారో అడగండి.

ఇక కోర్టు మాట. 2023 మేలో కేరళ హైకోర్టు, విద్యార్థి సిబిల్ తక్కువుందన్న కారణంతో ఎడ్యుకేషన్ లోన్ నిరాకరించకూడదని చెప్పింది. మంచి తీర్పే, కానీ అది పట్టుకొని మన బ్రాంచి మేనేజరుతో వాదించి, ఆయన వినక మనం కోర్టుకెళ్లి తిరిగొచ్చేసరికి కౌన్సెలింగ్ మూడు రౌండ్లూ అయిపోతాయి.

లోన్ శాంక్షన్ అయ్యాక కూడా రెండు నెలలాగి ఇంకోసారి రిపోర్టు తీయండి, ఈసారి పిల్లలది కూడా, ఎందుకంటే ఇప్పుడు వాళ్ల పేరు మీదా ఒక పెట్టె తెరుచుకుంటది. చదివే రోజుల్లో వడ్డీ కట్టాలని ఒప్పందం ఉంటే ఆ తేదీలు ఎవరు గుర్తుపెట్టుకుంటారో ఇంట్లో ముందే అనుకోండి, ఐదున్నరేళ్ల తర్వాత పీజీ సీటుకి లోన్ అడిగినప్పుడు బ్యాంకువాడు తెరిచేది ఆ పెట్టెనే.